అందరి కంతూ అడిగే ముందు: కొత్త డ్వాక్రా లీడర్లకు ఒక బహిరంగ లేఖ

ఈమధ్యే సంఘం లీడరుగా తీర్మానం రాయించుకున్న అక్కలకు, చెల్లెళ్లకు, వదినలకు నమస్కారం.

నాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నేనూ మీలాగే పొదుపు సంఘం సభ్యురాలినే. చాలా ఏళ్లు మా సంఘం పుస్తకాలు రాశాను, అడిగితే పక్క వీధుల సంఘాల లెక్కలు కూడా కూర్చుని సరిచేశాను. ఆ పుస్తకాలు తిరగేస్తుంటే ఒక విషయం పదే పదే కంటపడేది. ఒకే వీధిలో రెండు సంఘాలుంటాయి, రెండింట్లోనూ మిరపచేలకు, పొగాకు బేళ్లకు కూలికెళ్లే ఆడవాళ్లే, బ్యాంకూ ఒక్కటే, వచ్చే రుణమూ దాదాపు ఒక్కటే, అయినా ఒక సంఘం మంచి సంఘమని 'ఏ' గ్రేడులో ఉంటుంది, రెండోది మొండి బాకీలో పడి పొదుపు కూడా తీసుకోలేని పరిస్థితిలో ఉంటుంది. వానలు లేకో, ధర పడిపోయో అలా అయ్యిందంటే రెండు సంఘాలకూ కావాలి కదా. తేడా ఎక్కడొచ్చిందని వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు లీడరు సొంత పేజీ దగ్గరే దొరికేది. ఆమె కంతు ఏ నెలలో ఆగింది, ఆ తర్వాత ఎన్ని నెలలకు మిగతా వాళ్లవి ఆగడం మొదలైంది అన్నది పుస్తకంలో వరసగా కనిపిస్తుంది.

అందుకే ఈ ఉత్తరం. మీకు శిక్షణ ఇస్తారు, అది మంచిదే. మినిట్స్ బుక్ ఎలా రాయాలి, బ్యాంకు లింకేజీకి, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే రుణానికి, ఏ కాగితాలు పెట్టాలి, ఎవరికి ఎంత అప్పు, దేనికి అనే మైక్రో క్రెడిట్ ప్లాన్ ఎలా వేయాలి, మన సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధిని ఎలా అడగాలి అన్నీ చెబుతారు. పదిమందిని నడపడం గురించి ఇంత చెబుతారు గానీ, ముందు మనల్ని మనం నడుపుకోవడం గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అది ఇంటి విషయంలే అనుకుంటారు. కాదు తల్లీ, సంఘం నిలబడేదీ కూలిపోయేదీ అక్కడే.

పంచసూత్రాలు మనందరికీ నోటికొచ్చు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, సరైన పుస్తకాలు. ఏ మీటింగులో అడిగినా గడగడా చెప్పేస్తాం. కానీ ఈ ఐదింటినీ ముందు మీ ఒక్కరికి పెట్టుకుని చూడండి. నేను సమయానికి కూర్చుంటున్నానా? నా పొదుపు అందరికంటే ముందు పడుతోందా? నేను తీసుకున్న అప్పు చెప్పిన పనికే వాడానా? నా కంతు ఎవరూ అడగకముందే కడుతున్నానా? నా పేజీ ఎవరు తెరిచినా నాకు కంగారు లేకుండా ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోగలిగితే రేపు బకాయిపడ్డ సభ్యురాలి గుమ్మం ముందు నిలబడి అడిగేటప్పుడు మీ గొంతు తడబడదు. చెప్పుకోలేకపోతే ఆమె ఒక్కటే మాట అంటుంది, "ముందు నువ్వు కట్టు వదినా." ఆ మాటకు ఏ ట్రైనింగులోనూ జవాబు ఉండదు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష రాత్రిపూట మీ ఇంట్లో ఉండే డబ్బు. సాయంత్రం మీటింగ్ అవుతుంది, పదిమంది కంతులూ పొదుపూ కలిపి మీ చేతిలో పడతాయి, బ్యాంకు అప్పటికే మూసేసి ఉంటుంది, తెల్లారితే రెండో శనివారమో పండగో వస్తుంది. ఆ డబ్బు బీరువాలో రెండు మూడు రాత్రులు ఉంటుంది. ఆ రెండు మూడు రాత్రుల్లోనే ఎన్నో సంఘాలు పాడయ్యాయి. దొంగతనం చేద్దామని ఎవరూ అనుకోరు, నేను చూసినంతలో ఒక్కరూ అలా మొదలుపెట్టలేదు. పిల్లాడికి జ్వరం, ఆటోకి డబ్బు లేదు, సంఘం డబ్బులోంచి ఐదొందలు తీద్దాం, ఎల్లుండి కూలి డబ్బు రాగానే పెట్టేద్దాం. పెట్టేస్తారు కూడా. అలా ఒకసారి పెట్టేశాక రెండోసారి చెయ్యి పెట్టడానికి భయం తగ్గుతుంది, మూడోసారి ఐదొందలు ఐదు వేలవుతుంది, కాలేజీ ఫీజు చివరి తేదీ అవుతుంది, తమ్ముడి పెళ్లికి చదివింపులు అవుతుంది.

మా దగ్గర్లోని ఒక సంఘంలో ఇలాగే జరిగింది. ఊరూ పేరూ చెప్పను, ఆమె ఇప్పటికీ ఆ ఊళ్లోనే తలెత్తుకోలేక బతుకుతోంది. సభ్యులంతా నెలనెలా ఆమె చేతికే కంతులిచ్చారు, పాసుపుస్తకంలో ఆమే టిక్కు పెట్టేది, బ్యాంకులో మాత్రం సగం నెలలు పడలేదు. సభ్యులకు తెలిసింది ఎప్పుడంటే బ్యాంకు నుంచి నోటీసు వచ్చినప్పుడు. ఆ సంఘంలో చాలామంది ఒక్క నెల కూడా ఎగ్గొట్టని ఆడవాళ్లు. ఇస్త్రీ బండి నడిపే ఆమె ఉంది, అంగన్‌వాడీ ఆయా ఉంది. గ్రూపు అప్పు కదా, బాధ్యత అందరిదీ, కట్టినవాళ్లే మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆ లీడరు చెడ్డదా అని నన్ను అడిగితే కాదనే చెబుతాను. ఆమెకు "లేదు" అని తనకు తాను చెప్పుకోవడం అలవాటు లేదు, అంతే. ఇంట్లో ఎవరు ఏం అడిగినా ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చే మనిషి. మంచితనం అనుకున్న గుణమే పదిమంది కొంప ముంచింది.

కాబట్టి డబ్బు విషయంలో మన మనసు మీద నమ్మకం పెట్టుకోకుండా పద్ధతి మీద పెట్టుకుందాం. మీటింగును బ్యాంకు పనిచేసే రోజుకు ముందురోజు సాయంత్రం పెట్టుకోండి. వసూలైన మొత్తం అక్కడే గట్టిగా చదివి, మినిట్స్‌లో రాసి, ఇద్దరు ముగ్గురితో సంతకం పెట్టించి, సంచికి ముడివేయండి. మర్నాడు పొద్దున్నే ఒక్కరే వెళ్లకుండా ఇంకో సభ్యురాలిని తోడు తీసుకెళ్లండి. ప్రతిసారీ ఒకే మనిషిని కాదు, వంతులవారీగా తీసుకెళితే అందరికీ బ్యాంకు తెలుస్తుంది, కౌంటరు దగ్గర మాట్లాడడం వస్తుంది. రసీదు ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, ఫోను లేనివాళ్లకు తర్వాతి మీటింగులో చేతికివ్వండి. మీ మీద అనుమానంతో ఇదంతా చేయాలని కాదు నేననేది. చేతిలో డబ్బు, ఇంట్లో అవసరం రెండూ ఒకే రాత్రి కలిసినప్పుడు ఎంత గట్టి మనిషైనా ఊగుతుంది. ఊగే అవకాశమే లేకుండా ముందే ఏర్పాటు చేసుకున్నామంటే అదే మనల్ని మనం నడుపుకోవడం.

ఇంట్లో మగవాళ్లు అడిగితే ఏం చేయాలి? చాలామంది మనసులో ఉండి పైకి అడగలేని ప్రశ్న ఇదే. "నీ దగ్గరే ఉన్నాయి కదా, రెండ్రోజుల్లో ఇచ్చేస్తా" అంటాడు భర్త. ఇవ్వకపోతే గొడవ, కొన్ని ఇళ్లలో దెబ్బలు కూడా. దీనికి నా దగ్గర తేలికైన మంత్రం లేదు. కానీ లీడరు అవ్వడానికి ఒప్పుకునే ముందే, గొడవ లేని రోజు చూసుకుని, ఆ డబ్బు మనది కాదని, అడగొద్దని ఇంట్లో చెప్పి పెట్టుకున్నవాళ్లకు తర్వాత కొంత సులువైంది. ఇంట్లో ఆ మాట చెప్పే వీల్లేదు, చెబితే ప్రాణం మీదకొస్తుంది అనుకుంటే డబ్బు మీ ఇంట్లో పెట్టకండి, రెండో లీడరు ఇంట్లోనో, ఇంకో సభ్యురాలి దగ్గరో పెట్టే తీర్మానం చేయించుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. మన ఇంటి పరిస్థితి మనకు తెలిసి, దానికి తగ్గట్టు నడుచుకోవడం కూడా లీడరు పనే.

అలాగే భర్తగారు బ్యాంకుకొచ్చి మేనేజరుతో మాట్లాడడం, మీరు వెనక నిలబడి సంతకం పెట్టడం, ఇది దయచేసి వద్దు. మాట తడబడినా పర్లేదు, మీరే మాట్లాడండి.

మన సంఘాలు ఎక్కడినుంచి వచ్చాయో కొత్తవాళ్లకు తెలియదు, అందుకని కాస్త వెనక్కి వెళ్తాను. నెల్లూరు జిల్లా దూబగుంట పేరు వినే ఉంటారు. 1990ల మొదట్లో అక్కడ రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మలాంటి మామూలు ఇంటి ఆడవాళ్లు, ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. అది ఊరూరికీ పాకింది. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఈ కథను మనం ఎప్పుడూ ప్రభుత్వాన్ని వంచిన కథగానే చెప్పుకుంటాం. నాకు మాత్రం అందులో ఇంకోటి పెద్దగా కనిపిస్తుంది. ఆ సారా తాగేది ఎవరు? వాళ్ల మొగుళ్లు, అన్నదమ్ములు, కొడుకులు. కలెక్టరు ముందు నిలబడటానికంటే ముందు తమ సొంత ఇంటి గుమ్మంలో నిలబడాల్సి వచ్చింది. మా ఆయన తాగితే పర్లేదు, పక్కింటాయన మానాలి అనుకుని ఉంటే ఆ ఉద్యమం ఒక్క ఊరు కూడా దాటేది కాదు.

సారా మీద పోయే డబ్బు మిగలగానే రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలైంది, పొదుపులక్ష్మి సంఘాలు అలా పుట్టాయి. డ్వాక్రా పథకం 1982 నుంచే ఉన్నా మన దగ్గర దానికి ఊపిరి వచ్చింది ఇక్కడినుంచే అని నేను నమ్ముతాను. ఆ తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. చట్టం పోయింది గానీ రూపాయి దాచే అలవాటు పోలేదు. పైనుంచి వచ్చింది పైవాళ్లే తీసేసుకోగలరు, మనం మన చేతికి నేర్పుకున్న అలవాటును తీసేయడం ఎవరి తరమూ కాలేదు.

ఇక భయం గురించి. లీడరు అయ్యాక ఆఫీసర్లు, నాయకులు మీకు నేరుగా ఫోన్ చేస్తారు. ఫలానా చోట సభ ఉంది, మీ సంఘం నుంచి అందరూ రావాలి, రాకపోతే లోన్ ఆగుతుందని చెప్పమంటారు. చాలామంది లీడర్లు ఆ మాటనే యథాతథంగా సభ్యులకు చెప్పి, ఒక రోజు కూలి పోగొట్టి బస్సెక్కిస్తారు. అప్పు మనం కట్టే తీరును బట్టి వస్తుంది. సభకు వెళ్లాలా వద్దా అనేది ఒక్కో మనిషి ఇష్టం. ఇది మీకు తెలిసి కూడా భయంతో నోరు మెదపకపోతే, మీ భయాన్ని పదిమందికి పంచినట్టే అవుతుంది. నేను అధికారితో పోట్లాడమనట్లేదు. "సభ్యులను అడిగి చెబుతానండి" అనే ఒక్క మాట అలవాటు చేసుకోమంటున్నాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడూ అంతే, "మీటింగులో చదివి పెడతామండి" అనండి.

ఇలాంటి చోట నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొస్తారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆమె పద్నాలుగేళ్ల పిల్ల. ఖద్దరు ప్రదర్శన దగ్గర వలంటీరుగా నిలబెట్టి, టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని చెప్పారు. వచ్చింది నెహ్రూ. టికెట్ లేదని ఆపేసింది, టికెట్ తెప్పించాకే లోపలికి వెళ్లనిచ్చింది. అది ధైర్యమే, కానీ ఆ ధైర్యం ఆ నిమిషంలో పుట్టింది కాదు. అంతకుముందే చిన్న వయసులోనే తాను హిందీ నేర్చుకుని, ఆడవాళ్లకు బడి పెట్టి నేర్పిన పిల్ల ఆమె. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేయడం అప్పటికే అలవాటు. పెద్ద మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డప్పుడు ఆ అలవాటే మాట్లాడింది. మనకు నెహ్రూ రాడు, సర్పంచ్ భార్య వస్తుంది, అప్పు జాబితాలో అందరికంటే ముందు తన పేరు రాయమంటుంది. లేదా మన సొంత ఆడపడుచే వస్తుంది. ప్రాధాన్యం ప్రకారం వరస తీర్మానంలో రాసి ఉందని చెప్పగలగాలి. ఆ వరసలో మీ పేరు మొదట లేకపోతేనే చెప్పగలరు. అందుకే కొత్త లీడర్లను బతిమాలి చెబుతున్నాను, మీరు పగ్గాలు చేపట్టాక వచ్చే మొదటి అప్పు మీరు తీసుకోకండి. మీకూ అవసరం ఉంటుంది, నాకు తెలుసు. ఒక్క విడత ఆగండి.

అందరికంటే కష్టమైంది నోరు, కోపం. బ్యాంకు ఒత్తిడి చేస్తుంది, మన సంఘాలను చూసే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటరు) ఫోన్ మీద ఫోన్ చేస్తుంది, మీకు టెన్షన్ పెరిగిపోతుంది, ఆ టెన్షనంతా మోసుకెళ్లి కట్టలేని సభ్యురాలి మీద గుమ్మరిస్తారు. పదిమందిని వెంటేసుకుని ఆమె ఇంటి ముందు కూర్చోవడం, వీధంతా వినేలా తిట్టడం మన దగ్గర ఎక్కడా జరగదని ఎవరైనా అంటే నేను నమ్మను. 2010లో ఏం జరిగిందో పెద్దవాళ్లను అడగండి. మైక్రో ఫైనాన్స్ కంపెనీలు వారం వారం వసూళ్లకు వచ్చేవి, ఒక్కరు కట్టకపోతే మిగతా ఆడవాళ్లనే ఆ ఇంటి మీదకు ఉసిగొల్పేవి, అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కట్టడి చేయాల్సి వచ్చింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఏంటంటే, ఆ గుమ్మాల ముందు కూర్చున్నది కంపెనీ మనుషులు మాత్రమే కాదు, పక్కింటి ఆడవాళ్లు కూడా. వాళ్లు రాక్షసులు కారు. తమ అప్పు ఆగిపోతుందన్న భయంలో తమను తాము పట్టుకోలేకపోయారు.

అందుకని ఎవరి ఇంటికైనా వెళ్లే ముందు మీ కోపం తగ్గేదాకా ఆగండి. ఒక్కరే వెళ్లండి, లేదా ఆమెకు నచ్చిన మనిషిని తోడు తీసుకెళ్లండి. చీకటి పడ్డాక వద్దు. ముందు "ఏమైంది" అని అడగండి, "ఎప్పుడు కడతావు" అనేది తర్వాత. కట్టలేకపోవడం వేరు, కట్టకపోవడం వేరు, రెండూ తెలుసుకోవాలంటే వినాలి. మిరప తెగులొచ్చి పంట పోయినామెకు గడువు పొడిగించమని బ్యాంకును సంఘం తరఫున అడగవచ్చు, సంఘం సొంత నిధిలోంచి ఒకటి రెండు నెలలు సర్దవచ్చు. డబ్బుండీ కట్టని మనిషి దగ్గర మాత్రం మెత్తబడక్కర్లేదు, కానీ అప్పుడు కూడా మాట్లాడాల్సింది మీటింగులో, లెక్క ముందు పెట్టుకుని.

అక్కడ విన్నది బయట చెప్పకండి. ఎవరు ఎందుకు అప్పు అడిగారు, ఎవరి కూతురి కాపురం ఎలా ఉంది, ఎవరి ఇంటాయన ఎక్కడ అప్పు చేశాడు, ఇవన్నీ లీడరుకు తెలుస్తాయి. కుళాయి దగ్గర ఒక్కసారి జారిందంటే ఆ తర్వాత ఎవరూ మీకు నిజం చెప్పరు, అసలు అవసరం దాచి "గేదె కోసం" అని రాయిస్తారు.

సమయం గురించి రెండు మాటలే. నాలుగింటికి మీటింగ్ అంటే నాలుగింటికే చాప పరిచి ఉండాలి. చేనునుంచి ఉరుకులు పరుగులతో వచ్చిన మనిషిని గంట కూర్చోబెడితే వచ్చే నెల ఆమె రాదు, కంతు మాత్రం పిల్లాడితో పంపిస్తుంది, అలా మీటింగులు కాగితం మీదే జరగడం మొదలవుతాయి.

చదువు రాదని వెనకాడుతున్న అక్కలకు ఒక మాట. దూబగుంట ఆడవాళ్లలో చాలామందికి అప్పుడప్పుడే అక్షరాలొచ్చాయి. చదవలేకపోతే గట్టిగా చదివించుకోండి, ఒకరితో చదివించి ఇంకొకరితో మళ్లీ చదివించండి. మీ ఖాతా నంబరు, నిల్వ, బాకీ, ఈ మూడు అంకెలు నోటికి రావాలి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రోజూ పావుగంట వాళ్ల దగ్గర కూర్చోండి. ఊళ్లో సంఘాల పుస్తకాలు రాసే యానిమేటరు ఉంది కదా, ఆమే చూసుకుంటుందిలే అని వదిలేస్తే లీడరు ఆమే అవుతుంది, బాధ్యత మాత్రం మీ సంతకం మీద ఉంటుంది.

ఇన్ని చెప్పాను గానీ, మిమ్మల్ని మీరు చంపుకుని సంఘం నడపమని నా ఉద్దేశం కాదు. లీడరయ్యాక వారానికి మూడు రోజులు మండలాఫీసు, బ్యాంకు చుట్టూ తిరిగి, కూలి పోయి, తిండి వేళకు లేక, నడుం నొప్పి, షుగరు తెచ్చుకున్నవాళ్లను చూశాను. వాళ్లు ఎవరికీ పని అప్పగించరు, ఎవరూ సరిగా చేయరనుకుంటారు. అదీ తనను తాను నడుపుకోలేకపోవడమే. పనులు పంచండి. రెండో లీడరును సంతకానికే వాడుకోకుండా సగం పని ఆమెకివ్వండి. మీ చార్జీలు సంఘం నుంచి తీసుకోవాలని తీర్మానం ఉంటే తీసుకోండి, రాసి తీసుకోండి. నెలకో రోజు ఏ మీటింగుకూ రానని చెప్పండి.

కుర్చీ కూడా వదలాలి. లీడర్లను మార్చుకోవాలన్నది మన సంఘాల నియమమే, అయినా ఒకే మనిషి ఏళ్ల తరబడి కూర్చున్న సంఘాలు ఎన్ని లేవు? "నేను లేకపోతే నడవదు" అంటారు. నిజంగానే నడవకపోతే, ఇన్నేళ్లూ ఆమె ఎవరికీ నేర్పలేదన్నమాట. మీరు తీర్మానం రాయించుకున్న నెలలోనే మీ తర్వాత ఎవరనేది మనసులో అనుకుని, ఆమెను వెంటబెట్టుకుని తిరగండి.

ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం, వాటిపైన ఉండే మండల సమాఖ్య పెద్దలకు, శిక్షణ ఇచ్చే సీసీలకు, మండలంలో వాళ్ల పై అధికారులైన ఏపీఎంలకు కూడా ఒక విన్నపం. కొత్త లీడర్ల శిక్షణలో ఒక పూట వాళ్ల సొంత లెక్కలకు కేటాయించండి. వాళ్ల ఇంటి రాబడి, ఖర్చు, బయట ఉన్న అప్పులు, నెలనెలా కట్టే కంతులు వాళ్ల చేతే రాయించండి. ఎవరికీ చూపించక్కర్లేదు, వాళ్లు చూసుకుంటే చాలు. డైలీ ఫైనాన్స్‌లో, అధిక వడ్డీలో మునిగి ఉన్న మనిషిని పిలిచి లీడరు చేసి చేతిలో సంఘం డబ్బు పెట్టకండి, ముందు ఆమె అప్పు దించుకోవడానికి సంఘం ద్వారా సాయం చేయండి, రెండేళ్ల తర్వాత ఆమెనే లీడరును చేయండి. ఈ నెల గ్రామ సంఘం మీటింగులో ఈ విషయం అజెండాలో పెట్టమని నేను మా ఊళ్లో అడుగుతున్నాను. మీ ఊళ్లో మీరు అడగండి.

మీ
సంఘం అక్క